టమాటా, దోస, బెండ: పండ్ల బోర్డు కిందకా, కూరగాయల బోర్డు కిందకా?

పందిరిమల్లె:
అందరికీ నమస్కారం. మేం పదకొండు కుటుంబాల వాళ్ళం కలిసి ఒక ఉమ్మడి తోట పెంచుతున్నాం. ఈసారి మడుల దగ్గర చెక్క బోర్డులు రాసి పెట్టే పని నా మీద పడింది. తోటకి ఒక పక్క 'పండ్లు', ఇంకో పక్క 'కూరగాయలు', ఒక్కో మడి దగ్గర మొక్క పేరు, అంతే. క్యారెట్, ముల్లంగి, పాలకూర ఒక వైపు రాశా, స్ట్రాబెర్రీ, జామ, ద్రాక్ష ఇంకో వైపు రాశా, అప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. టమాటా కూరగాయల్లో రాసేసరికి మాలో ఒకాయన వచ్చి "అది పండు, సైన్స్ ప్రకారం తప్పు రాస్తున్నారు" అన్నారు. సరే అని అటు మారిస్తే ఇంకొకావిడ "అయితే వంకాయ, బెండకాయ, సొరకాయ, మిరపకాయ కూడా పండ్లేగా, అవీ మార్చండి" అన్నారు. అవన్నీ మారిస్తే కూరగాయల వైపు ఆకుకూరలూ దుంపలూ తప్ప ఏమీ మిగలడం లేదు! తోటకి పిల్లలు కూడా వస్తారు కాబట్టి తప్పు రాయడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పెయింట్ డబ్బా మూత తీసే ఉంది.

పూతపిందె:
మీ తోటాయన చెప్పింది వృక్షశాస్త్రం ప్రకారం కరెక్టేనండి. పువ్వులో అండాశయం ఉంటుంది కదా, ఫలదీకరణ జరిగాక అది పెరిగి ఏదైతే అవుతుందో దాన్నే ఫలం అంటారు. లోపల విత్తనాలు ఉంటాయి. తియ్యగా ఉందా చేదుగా ఉందా, వండుతామా పచ్చిగా తింటామా అన్న సంగతితో ఆ శాస్త్రానికి పని లేదు. ఆ లెక్కన టమాటా, వంకాయ, మిరపకాయ మూడూ మృదుఫలాలు, అంటే ద్రాక్షపండు ఏ కోవలోకి వస్తుందో అవీ అదే కోవ. దోస, సొర, గుమ్మడి, కాకర, పుచ్చ ఇవన్నీ ఒకే కుటుంబం, వీటి కాయని పెపో అంటారు, అది కూడా గట్టి తొక్క ఉన్న మృదుఫలమే. బెండకాయ గుళిక, అంటే ఎండాక గదుల వెంట చీలే కాయ. చిక్కుడు, బఠాణీ ద్వివిదారక ఫలాలు, ఎండితే రెండు పక్కలా పగులుతాయి.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. టమాటా కాయ తొడిమ దగ్గర పచ్చగా నక్షత్రంలాంటి ముచ్చిక ఉంటుంది, అవి పువ్వుకి ఉన్న రక్షక పత్రాలే, ఇంకా ఊడలేదంతే. కాయని తిప్పి కింది వైపు చూస్తే సూది మొనంత మచ్చ కనిపిస్తుంది, అండాశయం మీద ఉండే సన్నటి కాడ, అంటే కీలం, ఎండి రాలిపోయిన చోటు అది. సొరపిందె చివర అయితే వాడిపోయిన పువ్వు కొన్ని రోజులు అలాగే వేలాడుతూ ఉంటుంది. ఇలాంటి ఆనవాళ్ళు క్యారెట్ మీద ఎంత వెతికినా దొరకవు, ఎందుకంటే అది వేరు.

పొయ్యిదగ్గర:
శాస్త్రం శాస్త్రమే కానీ తోట వేసేది వండుకోవడానికే కదండీ. పండు అంటే కోసి చేతికిస్తే అలాగే తినేది. కూరగాయ అంటే ఉప్పూ కారం పడేది. టమాటాలో చక్కెర నూటికి రెండు మూడు పాళ్ళే ఉంటుంది, పులుపు ఉంటుంది, దానికి తోడు గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థం ఎక్కువ, అందుకే ఉప్పుతో కలిస్తే ఆ రుచి అంత నిండుగా వస్తుంది. ద్రాక్షలో చక్కెర దానికి ఐదారు రెట్లు ఉంటుంది. నాలుక ఈ తేడా ఎప్పుడో పట్టేసింది. పండ్ల బోర్డు కింద వంకాయ చూసిన పిల్లవాడు కొరికితే ఏమవుతుందో ఆలోచించండి. నా ఓటు కూరగాయలకే.

పాతపార:
ఈ తగవు కోర్టుకి కూడా వెళ్ళిందని విన్నా, ఎవరికైనా వివరాలు తెలుసా?

చట్టంచదువు:
తెలుసండీ, మేం చదువుకునేటప్పుడు పదాల అర్థ నిర్ణయం అన్న చోట తప్పకుండా చెప్పే కేసు అది. నిక్స్ వర్సెస్ హెడెన్, అమెరికా సుప్రీంకోర్టు, 1893 మే 10న తీర్పు వచ్చింది. 1883 నాటి సుంకాల చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చే కూరగాయల మీద 10 శాతం సుంకం, పండ్ల మీద సుంకం లేదు. జాన్ నిక్స్ అనే వ్యాపారి కుటుంబ సంస్థ 1886 వసంతకాలంలో వెస్టిండీస్ నుంచి న్యూయార్క్ రేవుకి టమాటాలు తెప్పిస్తే, రేవు సుంకం వసూలు చేసే అధికారి హెడెన్ వాటిని కూరగాయలుగా లెక్కగట్టి డబ్బు కట్టించుకున్నారు. నిక్స్ వాళ్ళు ఆ డబ్బు తిరిగి ఇమ్మని దావా వేశారు.

విచారణలో నాకు బాగా గుర్తుండిపోయింది నిఘంటువుల సంగతి. నిక్స్ తరఫు లాయరు 'పండు', 'కూరగాయ', 'టమాటా' అన్న మాటల అర్థాలు నిఘంటువు తీసి చదివారు. హెడెన్ తరఫు లాయరు లేచి బఠాణీ, వంకాయ, దోస, గుమ్మడి, మిరప అర్థాలు చదివారు. మళ్ళీ అవతలి పక్షం బంగాళాదుంప, టర్నిప్, కాలీఫ్లవర్, క్యాబేజీ, క్యారెట్, చిక్కుడు చదివింది. ముప్పై ఏళ్ళుగా పండ్లూ కూరగాయలూ అమ్ముతున్న ఇద్దరు సాక్షులు వచ్చి ఈ మాటలకి వ్యాపారంలో ప్రత్యేకమైన అర్థం ఏమీ లేదని చెప్పారు. తీర్పు రాసింది జస్టిస్ హొరేస్ గ్రే, జడ్జీలందరూ ఒకే మాట మీద ఉన్నారు. వృక్షశాస్త్రం లెక్కలో టమాటా తీగకి కాసే ఫలమే, దోస, గుమ్మడి, చిక్కుడు, బఠాణీ కూడా అంతే, కానీ జనం వాడుక మాటలో అవి పెరటి తోటలో పెంచే కూరగాయలు, భోజనంలో భాగంగా తింటారు తప్ప భోజనం అయ్యాక తీపి పదార్థంలా తినరు, కాబట్టి సుంకం కట్టాల్సిందే అన్నారు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. టమాటా పండు కాదని కోర్టు అనలేదు. పండు అన్న శాస్త్రం మాట ఒప్పుకుంటూనే, ఆ చట్టంలో ఉన్న పదాన్ని మాత్రం జనం వాడే అర్థంలో తీసుకోవాలంది. ఏ పని కోసం అడుగుతున్నారో ముందు చూడమన్నట్టు.

పొయ్యిదగ్గర:
చూశారా, జడ్జీలు కూడా నా వైపే.

పూతపిందె:
సుంకం వరకు అండి, సుంకం వరకు. 1947లో అక్కడి కస్టమ్స్ కోర్టే రూబార్బ్‌ని పండు అని తేల్చింది. రూబార్బ్ అంటే ఆకు కాడ, పుల్లగా ఉంటుంది. పువ్వుతో, అండాశయంతో ఏ సంబంధమూ లేదు. చక్కెర వేసి తీపి వంటకాల్లో వాడుతున్నారు కాబట్టి పండు అన్నారు. వాడకమే కొలబద్ద అయితే కాడ కూడా పండు అవుతుంది, మీకది సమ్మతమేనా?

చట్టంచదువు:
ఇంకో రెండు కలుపుతా. యూరోపియన్ యూనియన్ 2001లో తెచ్చిన జామ్‌ల ఆదేశంలో టమాటా, రూబార్బ్ కాడలు, క్యారెట్, చిలగడదుంప, దోస, గుమ్మడి, పుచ్చ ఇవన్నీ పండ్ల కిందే లెక్క అని రాసుకున్నారు. జామ్ అంటే పండుతో చేసేదని నిర్వచించారు, క్యారెట్‌తో జామ్ చేసేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు, వాళ్ళు తమ సీసా మీద జామ్ అని రాసుకోవాలంటే ఈ దారి తప్ప వేరే లేదు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం 2007లో పుచ్చకాయని తన అధికారిక కూరగాయగా ప్రకటించింది, దోస కుటుంబం కదా అన్నది వాళ్ళ వాదన. ఆర్కాన్సా రాష్ట్రం 1987లోనే తమ గులాబీ రంగు టమాటాని రాష్ట్ర పండుగానూ రాష్ట్ర కూరగాయగానూ రెండింటికీ పెట్టేసుకుంది.

కొత్తమొలక:
నేను తోటపని మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. ఇదంతా చదువుతుంటే బుర్ర తిరుగుతోంది. కూరగాయ అన్నదానికి శాస్త్రంలో నిర్వచనం ఏంటి మరి? పండు అంటే అండాశయం అన్నారు, కూరగాయ అంటే?

పూతపిందె:
లేదు. అసలు విషయం అదే. వృక్షశాస్త్రంలో వేరు ఉంది, కాండం ఉంది, ఆకు, పువ్వు, ఫలం, విత్తనం ఉన్నాయి, కూరగాయ అన్న భాగం ఏ మొక్కకీ లేదు. క్యారెట్ వేరు. బంగాళాదుంప నేలలో పెరిగే కాండం, దాని మీద కళ్ళు మొగ్గలు. ఉల్లిపాయ ఆకుల మొదళ్ళు ఉబ్బి ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. క్యాబేజీ ఆకుల ముద్ద, కాలీఫ్లవర్ పూర్తిగా తయారు కాని పూగుత్తి. పుట్టగొడుగు అసలు మొక్కే కాదు, శిలీంధ్రం. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, మనం వండుకోవడం.

అందుకే 'పండా కూరగాయా' అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ ఇబ్బందిగా అనిపిస్తుంది. ఒక మనిషిని చూపించి 'ఈయన పొడుగా లాయరా' అని అడిగితే ఏం చెప్తాం? ఒకటి ఒడ్డూ పొడుగూ, ఇంకోటి చేసే పని. రెండూ అయ్యుండొచ్చు. టమాటా మొక్కలో ఫలం, వంటింట్లో కూరగాయ, రెండూ నిజమే.

పాతపార:
మాట బాగుంది గానీ ఆవిడ బోర్డు మీద ఏం రాయాలో చెప్పలేదు మీరు.

తూకంరాయి:
ఆరోగ్యం వైపు నుంచి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినమంటుంది, ఆ లెక్కలోంచి బంగాళాదుంప, చిలగడదుంప లాంటి పిండి దుంపల్ని తీసేస్తుంది. టమాటా పండు గిన్నెలో ఉందా కూర గిన్నెలో ఉందా అన్నది వాళ్ళు పట్టించుకోరు. మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఉన్నారు, 'టమాటా పండటగా, తినొచ్చా' అని భయపడి మానేసిన రోజులున్నాయి. పేరు మార్చితే అందులో ఉన్న చక్కెర మారదు కదండీ. దయచేసి ఇలాంటి బోర్డులు చూసి ఎవరూ ఆహారం మార్చుకోకండి, డాక్టరుని అడగండి.

పదాలపెట్టె:
రెండు రోజులుగా చదువుతున్నా, ఒక్కరూ ముట్టుకోని విషయం ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేకపోతున్నా. మీరంతా ఇంగ్లీషు వాళ్ళ గొడవని తెలుగులో ఆడుతున్నారు. వాళ్ళకి 'ఫ్రూట్', 'వెజిటబుల్' అని రెండే పెట్టెలు, టమాటా ఎందులో పట్టాలో తెలియక కోర్టుకెక్కారు. మనకి మూడో మాట ఉంది, అందరం రోజూ వాడుతూనే ఉన్నాం: కాయ.

కాయ అంటే ఏంటి? చెట్టు కాసింది, తీగ కాసింది అంటాం. కాసినది కాయ. పూసినది పువ్వు. బంగాళాదుంప కాసింది అని ఎవరైనా అంటారా? దుంప ఊరింది అంటాం. పాలకూర కాసింది అనం, ఎదిగింది అంటాం. అంటే పువ్వు నుంచి వచ్చినదానికి మాత్రమే ఆ క్రియ కట్టిపెట్టుకున్నాం, పూతపిందె గారు చెప్పిన అండాశయం లెక్క మన క్రియాపదంలో ఎప్పటి నుంచో ఉంది. వేరుశనగ చూడండి, నేలలోంచి తవ్వి తీస్తాం, అయినా దాన్ని దుంప అనలేదు, వేరుశనగకాయ అన్నాం. పువ్వు పైన పూస్తుంది, తర్వాత ఊడ నేలలోకి దిగి అక్కడ కాయ తయారవుతుంది, అది చూసినవాళ్ళే ఆ పేరు పెట్టి ఉండాలి.

ఇక పండు అంటే పండినది. అది కాయకి వచ్చే ఒక దశ. పూత, పిందె, కాయ, దోరకాయ, పండు. కాబట్టి 'కాయా పండా' అని అడిగితే అది వయసు గురించిన ప్రశ్న. దోసకాయ తీగ మీద వదిలేస్తే దోసపండు అవుతుంది. పచ్చిమిరపకాయ ఎర్రబడితే పండుమిరప.

కొత్తమొలక:
అబ్బ, ఇది నిజంగా కొత్తగా ఉంది. మరి 'కూరగాయ' అన్న మాటలోనే కాయ ఉంది కదా?

పదాలపెట్టె:
మంచి ప్రశ్న అడిగారు. బడిలో గసడదవాదేశ సంధి చదివే ఉంటారు, దానికి ఇచ్చే ఉదాహరణల్లో ముందు వరసలో ఉండేది ఇదే. కూర, కాయ కలిస్తే కూరగాయలు, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ద్వంద్వ సమాసం. అంటే కూరకి పనికొచ్చే కాయ అని కాదు అర్థం, కూరలూ కాయలూ అని. తల్లిదండ్రులు అన్నప్పుడు తల్లి వేరు తండ్రి వేరు అయినట్టే ఇక్కడ కూర వేరు, కాయ వేరు. పాలకూర, తోటకూర, బచ్చలికూర, ఇవి కూరలు. వంకాయ, బీరకాయ, బెండకాయ, ఇవి కాయలు. ఆ రెండూ ఒకటి కాదని తెలిసే రెండు మాటలు పక్కపక్కన పెట్టి కలిపారు. ఇన్నేళ్ళూ ఆ సంధి బట్టీ పట్టాను తప్ప లోపల ఈ సంగతి ఉందని మొదటిసారి తట్టినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

పొయ్యిదగ్గర:
ఒప్పుకుంటున్నా, ఇది చాలా బాగుంది. కానీ ఒక అడ్డంకి ఉందండి. పుచ్చకాయ ఎర్రగా పండాకే తింటాం, అయినా కాయ అంటాం. నిమ్మకాయ, జామకాయ, దానిమ్మకాయ కూడా అంతే. మీ దశల లెక్క ఇక్కడ కుదరడం లేదు.

పదాలపెట్టె:
నిజమే, అక్కడ వదులుగా ఉంది. కాయ అన్న మాట రెండు రకాలుగా పలుకుతుంది. ఒకటి 'కాసినది' అన్న పెద్ద అర్థం, ఇంకోటి 'ఇంకా పండనిది' అన్న చిన్న అర్థం. పుచ్చకాయలో ఉన్నది మొదటిది. అందుకే 'పుచ్చకాయ బాగా పండింది' అంటే ఎవరికీ తేడాగా వినిపించదు. జామ విషయంలో మాత్రం జామకాయ, జామపండు రెండూ అంటాం, చేత్తో నొక్కి చూసి ఏది అనాలో చెప్తాం. కొన్ని పేర్లు అలా అలవాటులో గట్టిపడ్డాయి, అన్నిటినీ ఒక్క సూత్రంలో బిగించలేను.

పాతపార:
ముప్పై ఏళ్ళుగా మట్టిలో చేతులు పెట్టినవాణ్ణి, నా అనుభవం చెప్తా. పదాలపెట్టె గారు వయసు అన్నారే, తోటవాడికి పనికొచ్చేది అదే. వంటకి కోసుకునే కాయలు చాలావరకు లేతవి, విత్తనం ముదరక ముందే కోసేస్తాం. బెండ పూసిన నాలుగైదు రోజులకే కోయాలి, రెండు రోజులు ఏమరిస్తే పీచు కట్టి కత్తికి కూడా తెగదు. దోస పూత రాలిన పది రోజులకి కోతకొస్తుంది. బీర, సొర, కాకర, వంగ అన్నీ అంతే. మొక్క వైపు నుంచి చూస్తే అవి పని సగంలో ఉన్న పిందెలు. టమాటా మాత్రం ఆరేడు వారాలు ఆగి పూర్తిగా పండాక కోసేది, అందుకే అది పండులాగా అనిపించి గొడవంతా దాని చుట్టూ తిరుగుతోంది, వంకాయ గురించి ఎవరూ కోర్టుకి పోలేదు.

ఇది ఉత్త మాటల సంగతి కాదు, దీని మీద దిగుబడి ఆధారపడి ఉంటుంది. మొక్క ఉద్దేశం విత్తనం తయారు చేయడం. దోస తీగ మీద ఒక్క కాయ ముదిరి విత్తనం పడిందంటే తీగ బలమంతా అటు లాగేసుకుంటుంది, కొత్త పిందెలు తగ్గిపోతాయి. లేతగా ఎప్పటికప్పుడు కోస్తూ ఉంటే మళ్ళీ మళ్ళీ పూస్తుంది. అదే విత్తనం దాచుకోవాలంటే మాత్రం తినే దశ దాటి చాలా రోజులు ఉంచాలి.

ఇంకోటి. కాయ కావాలంటే పువ్వు కావాలి, పువ్వుకి పరాగం కావాలి. దోస, సొర, గుమ్మడి మొక్కల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది, మగదానికి ఉత్త కాడే. తేనెటీగలు రాకపోతే ఆ పిందె పసుపెక్కి రాలిపోతుంది, పరాగం సగం సగం అందితే కాయ వంకర తిరుగుతుంది. పాలకూర మడికి ఈ బాధలేవీ లేవు, పైగా పాలకూర పూతకొచ్చిందంటే ఆ మడి అయిపోయినట్టే. ఎరువు కూడా అంతే. నత్రజని దండిగా వేస్తే ఆకుకూర కళకళలాడుతుంది, అదే టమాటాకి వేస్తే చెట్టంత ఎదిగి నాలుగు కాయలు కాయదు. నన్నడిగితే బోర్డులు ఆ లెక్కన పెట్టాలి.

కొత్తమొలక:
నా సొరపాదు పిందెలన్నీ రాలిపోతుంటే నీళ్ళు తక్కువయ్యాయనుకుని రోజుకి రెండుసార్లు పోస్తున్నా! మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి రాస్తే సరిపోతుందా పాతపార గారూ?

పాతపార:
సరిపోతుందమ్మా. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి చీకటి పడే ముందు చెయ్యి. దోస, గుమ్మడి అయితే తెల్లవారాక. మగ పువ్వు రేకులు తీసేసి మధ్యలో పసుపు పొడి ఉన్న కాడని ఆడ పువ్వు మధ్యభాగానికి మెల్లగా తాకించు. నీళ్ళు మాత్రం తగ్గించు, వేరు కుళ్ళుతుంది.

తూకంరాయి:
కుటుంబాలు కూడా బోర్డు మీద చిన్న అక్షరాలతో రాస్తే బాగుంటుందేమో. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకే మడిలో ఏడాది తర్వాత ఏడాది వేస్తే అవే తెగుళ్ళు నేలలో పేరుకుంటాయి అంటారు కదా.

పూతపిందె:
అవునండి, తప్పకుండా రాయండి. టమాటాకీ బంగాళాదుంపకీ బీరకాయ పీచు చుట్టరికం కాదు, దగ్గరి రక్తసంబంధమే. 1753లో మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ టమాటాని బంగాళాదుంప ఉన్న సొలానమ్ ప్రజాతిలోనే, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపులోనే పెట్టారు. మరుసటి ఏడాదే ఫిలిప్ మిల్లర్ అనే ఆయన దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అని వేరే ప్రజాతి చేశారు. చాలా కాలం అలాగే నడిచింది, తర్వాత డీఎన్ఏ పరిశీలించి చూస్తే లిన్నేయస్ పెట్టిన చోటే సరైనదని తేలి మళ్ళీ సొలానమ్‌కి తెచ్చారు.

ఆ సందర్భంగా పిల్లలకి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బంగాళాదుంప మొక్క పూసి అప్పుడప్పుడు కాయలు కూడా కాస్తుంది. చిన్న పచ్చి టమాటాల్లా గుండ్రంగా ఉంటాయి. దాని అసలైన ఫలం అదే, కానీ విషం, నోట పెట్టకూడదు. టమాటాలో కాయ తింటాం, ఇక్కడ దుంప తింటాం, రెండు మొక్కలూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ మడి దగ్గర ఈ మాట పెద్ద అక్షరాలతో రాయండి.

పొయ్యిదగ్గర:
ఇది నాకు అస్సలు తెలియదు. చెప్పినందుకు థాంక్సండి.

పూతపిందె:
పండ్ల వైపు కూడా అన్నీ సాఫీగా లేవు, పందిరిమల్లె గారు తేలిగ్గా రాసేసిన స్ట్రాబెర్రీనే తీసుకోండి. ఎర్రటి కండ అంతా పుష్పాసనం, అంటే పువ్వు కూర్చునే పీట ఉబ్బినది. పైన గింజల్లా అంటుకుని ఉన్నవే అసలు ఫలాలు, ఒక్కోదానిలో ఒక్కో విత్తనం. ఆపిల్‌లో కూడా మనం తినే కండ ఎక్కువ భాగం అండాశయం బయటిదే. వీటిని అనృత ఫలాలు అంటారు. జీడిమామిడి పండు ఉబ్బిన తొడిమ, అసలు కాయ కింద వేలాడే జీడిపిక్క. అంటే శాస్త్రం లెక్కలో టమాటా స్ట్రాబెర్రీ కంటే నికార్సయిన ఫలం.

పందిరిమల్లె:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న మా వాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఈ చర్చ చదివి వినిపించా. 'పండ్లు', 'కూరగాయలు' అన్న రెండు పెద్ద బోర్డులూ తీసేశాం. వాటి బదులు ఐదు పెట్టాం: ఆకులు, దుంపలూ వేర్లూ, పువ్వులు, లేతగా కోసే కాయలు, పండాక కోసేవి. కాలీఫ్లవర్‌కి చివరికి సొంత చోటు దొరికింది. టమాటా ద్రాక్ష పక్కన 'పండాక కోసేవి' కిందకి వెళ్ళింది, మొదట గొడవపడిన ఇద్దరూ దానికి ఒప్పుకున్నారు. మిరప దగ్గర ఆగాం, పచ్చిగానూ కోస్తాం పండుగానూ కోస్తాం కాబట్టి రెండు బోర్డుల మధ్య గట్టు మీద వేశాం. బంగాళాదుంప దగ్గర పచ్చి కాయలు తినకూడదని ఎర్ర పెయింట్‌తో రాశా.

పాతపార గారి మాట విని పిల్లల కోసం ఒక దోసకాయనీ ఒక బెండకాయనీ కోయకుండా వదిలేశాం. దోసకాయ ఇవాళ్టికి పసుపు దాటి గోధుమ రంగుకి తిరిగింది, అరచేతిలో పట్టనంత లావైంది. కోస్తే మధ్యలో జిగురు గుజ్జు, అందులో తెల్లగా లావుగా గింజలు, వేలితో నొక్కితే జారిపోతున్నాయి. తినే దోసకాయలో ఉండే గింజలు వీటి ముందు ఉత్త పొరల్లా ఉంటాయి. బెండకాయ ఎండి గలగలలాడుతోంది, అంచుల వెంట ఐదు చీలికలు పడ్డాయి, మా చిన్నమ్మాయి విరిస్తే ఐదు గదుల్లోనూ బూడిద రంగు గుండ్రటి గింజలు వరసగా ఉన్నాయి. "పువ్వుకి కూడా ఐదు రేకులే కదమ్మా" అంది. నేను అది ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

పాతపార:
ఆ దోసగింజలు పారేయకండి. గుజ్జుతో సహా ఒక గ్లాసులో వేసి రెండు రోజులు ఉంచితే జిగురు పులిసి వదిలిపోతుంది, మునిగినవి మంచి గింజలు, తేలినవి తీసేయండి. కడిగి నీడన ఆరబెట్టండి. టమాటా గింజకీ ఇదే పద్ధతి. బెండ గింజలు అలాగే సీసాలో పోసుకోవచ్చు.

కొత్తమొలక:
నా సొరపాదుకి నిన్న సాయంత్రం మూడు ఆడ పువ్వులకి చేత్తో పరాగం రాశా. ఇవాళ్టికి మూడు పిందెలూ పచ్చగానే ఉన్నాయి. ఎన్ని రోజులకి నమ్మకం కుదురుతుంది?

పాతపార:
మూడు నాలుగు రోజులు చూడు. పిందె తొడిమ వంగి కిందికి తిరిగి లావెక్కడం మొదలైతే నిలబడ్డట్టే.